రంగూన్ పేట సంబంధం

రైలు గేటు పడింది కాబట్టి నాగేంద్రబాబుకు పెళ్ళయింది. మధ్యలో ఇంకా చాలా జరిగాయి గానీ, మొదలు మాత్రం ఆ గేటే.

రెండువేల రెండు, ఏప్రిల్ నడిమధ్య. మిర్చి యార్డుకు ఊపిరాడని రోజులు. ఆ నెలలో గుంటూరులో ఎవరైనా తుమ్మితే పెద్దవాళ్ళు "చిరంజీవ" అనరు, ఏ రకం కాయ దిగిందో కనుక్కుంటారు. తండ్రి కమిషన్ కొట్టు చూసుకునే నాగేంద్ర, మోటార్‌సైకిల్ ట్యాంకు మీద చిన్న గోతం పెట్టుకుని యార్డుకు బయల్దేరాడు. గోతంలో ఉన్నది మచ్చు. గోడౌన్‌లో ఉన్న సరుకంతా ఎవరూ తిరగేసి చూడరు. ఈ కాసిని కాయలు చూసే మద్రాసు నుంచి వచ్చిన ఎగుమతి వ్యాపారి బేరం తేలుస్తాడు. అందుకని నాగేంద్ర ఆ గోతాన్ని చంటిపిల్లాణ్ణి పొదువుకున్నట్టు పొదువుకున్నాడు.

గేటు దగ్గర గూడ్సు ఆగి ఉంది. ఆగిన గూడ్సు కదలడమంటే అమ్మమ్మ కాలంనాటి బీరువా కదలడమే.

"కాందిశీకుల కాలనీలోంచి పోకూడదూ? అవతల తేలతారు," అన్నాడు పక్కనే ఆగిన రిక్షా అతను.

పుట్టింది పెరిగింది గుంటూరులోనే అయినా నాగేంద్ర ఎప్పుడూ ఆ కాలనీలో అడుగుపెట్టలేదు. బర్మాలో తాతల నాటి నుంచి బతికి, అక్కడ ఉండనివ్వకపోతే ఓడెక్కి వచ్చేసిన తెలుగువాళ్ళకు ప్రభుత్వం అరవైల్లో స్థలాలిచ్చిందని మాత్రం విన్నాడు. బండి తిప్పాడు.

సన్నటి వీధి. ఇళ్ళ ముందు డ్రమ్ములు, బిందెలు, బక్కెట్లు. నీళ్ళ ట్యాంకర్ వచ్చిందేమో అనుకున్నాడు. అనుకుంటుండగానే మెడ మీంచి చల్లగా ఒక బిందెడు నీళ్ళు దిగాయి. చొక్కా తడిసింది, ప్యాంటు తడిసింది, చంటిపిల్లాడూ తడిశాడు.

బండి ఆపి వెనక్కి తిరిగాడు. ఖాళీ బిందె చంకలో పెట్టుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది. రెండు బుగ్గల మీదా గుండ్రంగా లేత పసుపు రంగు పూత.

"కళ్ళు కనపడట్లేదా మీకు?"

"కనపడబట్టేగా పోసింది," అంది ఆ అమ్మాయి. "ఇవాళ మా కొత్త సంవత్సరం. పోయినేడు చేసిన పాపాలన్నీ కడుక్కుపోతాయి."

"నా పాపాలు నేను కడుక్కుంటాను. మధ్యలో మీరెవరు?"

"ఎవరికి వాళ్ళు కడుక్కుంటే దాన్ని స్నానం అంటారండి."

నాగేంద్ర జవాబు వెతుక్కుంటూ గోతం మూతి విప్పాడు. లోపల కాయలు తళతళా మెరుస్తున్నాయి. ఎండుమిరపకాయ అలా మెరవకూడదు. అతని ముఖం చూసి ఆ అమ్మాయి ముఖంలో నవ్వు తగ్గింది.

"ఎండలో పెడితే ఆరవా?"

"ఆరతాయి, రంగు పోతుంది. అదీ కాక, మచ్చు తడిగా తీసుకెళ్తే యార్డులో అర్థం ఒకటే. బరువు కోసం వీడు సరుకు మీద నీళ్ళు కొట్టాడు, అని. మా కొట్టుకి ఇంతవరకు ఆ పేరు లేదు."

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించింది. బిందె గుమ్మంలో పెట్టి, లోపలికి చూసి, "నాయనమ్మా, యార్డు దాకా వెళ్ళొస్తా," అని కేకేసి స్కూటీ బయటికి తీసింది.

"మీరెందుకు?"

"పోసింది నేను. చెప్పేది కూడా నేనే. పదండి."

మిర్చి యార్డులోకి ఆడపిల్లలు రావడం కొత్త కాదు, కాయలు ఏరేవాళ్ళంతా ఆడవాళ్ళే. కానీ బుగ్గలకు పూత పూసుకుని, తడిసిన కమిషన్ వ్యాపారిని వెంటబెట్టుకుని, మద్రాసు వ్యాపారి ముందు నిలబడి, "ఈయన మోసం చెయ్యలేదు సార్. నేను ఆశీర్వదించాను," అన్న పిల్లను యార్డు అంతకుముందు చూడలేదు. మద్రాసాయన చేతిలో తడి కాయ పట్టుకుని ఆమె వంక చూశాడు, కాయ వంక చూశాడు, తర్వాత కడుపుబ్బా నవ్వాడు. మద్రాసులో బర్మా నుంచి వచ్చినవాళ్ళు పెట్టుకున్న బర్మా బజారు ఆయనకు తెలుసు. "థింజాన్ కదా," అని పండగ పేరు కూడా ఆయనే చెప్పి, వేరే మచ్చు తెప్పించుకుని బేరం ఖాయం చేశాడు.

నాగేంద్రకు అప్పటికి సగం కోపం ఆరిపోయింది. మిగతా సగం చొక్కాతో పాటు ఆరుతోంది.

"బుగ్గలకి అదేంటండి, చందనమా?" అని అడిగాడు, ఆమెను గేటు దాకా సాగనంపుతూ.

"తనకా. చెట్టు బెరడు అరగదీసి రాసుకుంటాం. ఎండకి చలవ."

"తనఖానా? ముఖం ఎవరికి తాకట్టు పెట్టారు?"

"మీకైతే కాదు," అని స్కూటీ స్టార్ట్ చేసింది. తర్వాత ఏమనుకుందో, ఆపింది. "నా పేరు జ్యోతిర్మయి. స్కూల్లో లెక్కలు చెప్తాను. మీ చొక్కా పాడైతే చెప్పండి."

"పాడవలేదు. ఒక్క మాట. మీ వీధి మొదట్లో 'ఇవాళ నీళ్ళ పండగ' అని ఒక బోర్డు పెట్టొచ్చుగా?"

"బోర్డు పెట్టాలంటే పైన కాలనీ పేరు రాయాలి. 'కాందిశీకుల కాలనీ' అని మా చేతుల్తో మేము రాసుకోం. మంచి పేరు పెట్టమని కార్పొరేటర్ సంజీవరావు గారి చుట్టూ ఏడాదిగా తిరుగుతున్నాం. 'చూద్దాంలే అమ్మా' అంటాడాయన. ఆయన చూసిందేదీ ఇంతవరకు మాకు కనపడలేదు. మీకు తెలుసా ఆయన?"

నాగేంద్ర గొంతు తడారింది. ఒంట్లో తడారిపోయిన ఒకే ఒక్క చోటు అదే.

"చూశాను."

"ఎక్కడ?"

"ఇంటి దగ్గర."

"వాళ్ళిల్లు మీ ఇంటికి దగ్గరా?"

"బాగా దగ్గర," అన్నాడు నాగేంద్ర. అబద్ధం ఆడలేదు కదా అని సాయంత్రం దాకా తనకు తాను చెప్పుకున్నాడు.

జరిగినదంతా పక్క కొట్టు బాజీ చూశాడు. బాజీ, నాగేంద్ర ఒకే బెంచీ మీద చదువుకుని, ఒకే యార్డులో తేలినవాళ్ళు.

"సంజీవరావు గారి అబ్బాయినని చెప్పలేదేంట్రా?"

"చెప్తాలే."

"ఎప్పుడు? పెళ్ళి పీటల మీద పేరూ గోత్రం అడిగినప్పుడా?"

"పెళ్ళేంట్రా మధ్యలో?"

"చొక్కా పిండుకుంటూ నవ్వుతున్న మొగాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు," అన్నాడు బాజీ.

*

ఆ తర్వాత నాగేంద్ర వెళ్ళే వేళకల్లా గేటు పడడం మొదలుపెట్టింది. పడని రోజున, పడుతుందేమోనని ముందుజాగ్రత్తగా కాలనీలోంచే వెళ్ళేవాడు.

జ్యోతిర్మయిని పెంచిన నాయనమ్మ పైడమ్మకు సాయంత్రాలు ఇంటి ముందు నూడుల్స్ బండి ఉంది. ఆ నూడుల్స్‌ని వాళ్ళు ఖౌసే అంటారు. శనగపిండి, వేయించిన ఉల్లి, నిమ్మరసం, పైన బలచాంగ్. బలచాంగ్ అంటే ఎండురొయ్యలూ వెల్లుల్లీ నూనెలో కరకరలాడించి, కారం కొట్టిన పొడి. మొదటిరోజు తడిసిన మచ్చు కాయల్ని పారెయ్యడానికి ప్రాణం ఒప్పక జ్యోతిర్మయి ఇంటికి తెస్తే, పైడమ్మ ఆరబెట్టి దానికే వాడింది.

"బర్మాలో చేసినప్పుడు ఈ ఘాటు రాలేదు బాబూ," అంది. ఆమె పుట్టింది రంగూన్‌లో. శ్రీకాకుళం యాస తాతలతో పాటు ఓడెక్కి అక్కడికి వెళ్ళి, ఆమెతో పాటు ఓడెక్కి ఇక్కడికొచ్చింది. ఒక్క అక్షరం చెడలేదు. "గుంటూరు కాయకి రంగూన్ రొయ్య కుదిరిందంటే ఏటనుకున్నావు?"

నాగేంద్రకు పొలమారింది. జ్యోతిర్మయి నీళ్ళ గ్లాసు అందించింది, ఈసారి చేతికే.

"పేరు కోసం ఇంత పట్టుదలేంటండి?" అని ఒకరోజు అడిగాడు. "పేరులో ఏముంది, నీళ్ళూ రోడ్డూ ముఖ్యం గానీ."

జ్యోతిర్మయి ప్లేటు కింద పెట్టింది. "మొన్న తెనాలి నుంచి నన్ను చూడ్డానికొచ్చారు. అబ్బాయి బ్యాంకులో పని. అన్నీ నచ్చాయి. వాళ్ళ నాన్న అడ్రస్ రాసుకుంటూ, 'కాందిశీకులా?' అని పెన్ను మూసి జేబులో పెట్టేసుకున్నాడు. నాకిరవై నాలుగేళ్ళు. పుట్టింది ఇక్కడి పెద్దాసుపత్రిలో. నేనెక్కణ్ణుంచి పారిపోయి వచ్చానండీ?"

నాగేంద్ర చేతిలో స్పూను పక్కన పెట్టాడు.

"అందుకే చెప్పేశాను. ఆ మాట శుభలేఖ మీద వేయించుకుని మాత్రం పెళ్ళి చేసుకోను. మా ఊరికి పేరొచ్చాకే నా పెళ్ళి."

"అక్కడున్నన్నాళ్ళూ మమ్మల్ని కోరంగీలు అనేవోరు," అంది పైడమ్మ, గరిట తిప్పుతూ. "మా పెద్దోళ్ళు కోరంగి రేవులో ఓడెక్కారని. ఇక్కడికొస్తే బర్మావోళ్ళంటారు. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి పేరు మాకెవ్వడూ ఇవ్వడు. ఎనక ఊరిదే ఇస్తారు. పోనీ, ఇచ్చేదేదో మర్యాదగా ఇమ్మనండి. మావోళ్ళు రంగూన్ రేవులో బస్తాలు మోసారు, బడి కట్టారు, గుడి కట్టారు. 'రంగూన్ పేట' అంటే గర్వంగానే ఉంటది. పారిపోయొచ్చిన పేట అంటే ఎలగుంటది?"

అప్పుడే చెప్పాల్సింది. 'ఆ సంజీవరావు మా నాన్నేనండీ, నేను అడుగుతాను' అని ఒక్క మాట. నాగేంద్ర నోరు తెరిచాడు.

"ఇంకాస్త కారం వెయ్యనా?" అంది జ్యోతిర్మయి.

"వెయ్యండి," అన్నాడు నాగేంద్ర. మళ్ళీ మూశాడు.

*

చెప్పకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఇంట్లో గాలి ఎటు వీస్తోందో అతనికి అప్పటికే తెలిసింది.

పేర్లు లేని కాలనీలన్నిటికీ అధికారికంగా పేర్లు పెట్టాలని కౌన్సిల్ అనుకుంది. ఏ వార్డు కార్పొరేటర్ ఆ వార్డు కాలనీలకి పేర్లు సూచించాలి, జనం అభ్యంతరాలు వినాలి. సంజీవరావు భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పి, గుటక వేసి, "నాన్నగారి పేరు పెడదామనుకుంటున్నా," అన్నాడు. "అంకమ్మరావు నగర్."

"ఆ కాలనీకి మామయ్యగారు ఏం చేశారండీ?" అంది ఆయన భార్య వెంకటరావమ్మ, నెయ్యి వడ్డిస్తూ.

"ఏం చెయ్యాలి? పెద్దమనిషి. అది చాలదూ?"

"అటుకేసి ఎప్పుడూ వెళ్ళలేదుగా అని."

"వాళ్ళకేదో రంగూన్ పేరు కావాలట నాన్నా," అన్నాడు నాగేంద్ర, కంచంలోకి చూస్తూ.

"ఊరూ పేరూ లేని వాళ్ళకి పేరు పెడుతుంటే అందులో వంకలా? నీకెవరు చెప్పారు?"

"గేటు దగ్గర... అనుకుంటున్నారు."

వెంకటరావమ్మ నెయ్యి గిన్నె పక్కన పెట్టింది. కొడుకు ఈమధ్య తెచ్చిన సీసాలోంచి ఎండురొయ్యల పొడి రెండు స్పూన్లు తన కంచంలో వేసుకుంది. అది ఏ హోటల్‌దని అడిగితే వాడు మూడుసార్లు మూడు హోటళ్ళు చెప్పాడు. ఆవిడ బీఏ చదివింది. ఆ మాత్రం లెక్క వేసుకోగలదు.

*

అభ్యంతరాల సభ కాలనీ స్కూలు ఆవరణలో పెట్టారు. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మైకు. సంజీవరావు కారు దిగాడు. వెనక డోరులోంచి పూలదండల బుట్ట మోసుకుంటూ నాగేంద్ర దిగాడు.

ముందు వరసలో జ్యోతిర్మయి ఉంది. దండల బుట్టను చూసింది, బుట్ట మోస్తున్నవాణ్ణి చూసింది. కొట్టులో గుమాస్తా కాబోలు, యజమాని కారులో వచ్చాడు కాబోలు అని సర్దుకోబోయింది. ఇంతలో సంజీవరావు మైకు అందుకున్నాడు.

"మావాడు నాగేంద్రబాబు కూడా వచ్చాడు. రేపు ఈ వార్డుకి సేవ చెయ్యాల్సింది వాడే కదా."

సభ చప్పట్లు కొట్టింది. జ్యోతిర్మయి కొట్టలేదు. నాగేంద్ర ఆమె పక్కగా వెళ్తుంటే తలెత్తకుండా, "ఇల్లు బాగా దగ్గరే," అంది.

"చెప్దామనే..."

"రెండు నెలల్నించీ చెప్దామనే అనుకుంటున్నారా, లేకపోతే ఖౌసే అరిగేదాకా ఆగారా?"

సంజీవరావు ఉపన్యాసం సాగుతోంది. తండ్రి గుణగణాలు చెప్పాడు, నగర్ అనే మాటలో ఉన్న హుందాతనం చెప్పాడు, త్వరలో రాబోయే ఇళ్ళ పట్టాల గురించి ఒకటికి రెండుసార్లు చెప్పాడు. చివర్లో గొంతు పెంచాడు. "అంకమ్మరావు నగర్ అనే పేరు మీద అభ్యంతరం ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి."

షామియానా కింద చేతులన్నీ ఒళ్ళోనే ఉన్నాయి. పట్టాలు ఇంకా రాలేదు. రానివ్వాల్సినవాడే మైకు పట్టుకుని నిలబడ్డాడు. ఏడాదిగా అర్జీలు రాసినవాళ్ళు కూడా చెప్పులవంక చూసుకుంటున్నారు.

జ్యోతిర్మయి చెయ్యెత్తింది. ఒకే ఒక్క చెయ్యి. దించట్లేదు.

నాగేంద్రకు ఆ చెయ్యి తప్ప ఇంకేమీ కనపడలేదు. మామూలుగా అతను తండ్రి ముందు గొంతు పెంచి కాఫీ కూడా అడగడు. దండల బుట్ట కింద పెట్టాడు. తన చెయ్యి తనకే పరాయిదిలా పైకి లేచింది.

"ఎవరది వెనకాల?" అన్నాడు సంజీవరావు, కళ్ళజోడు సర్దుకుంటూ.

"నేనే నాన్నా."

సభలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

"నువ్వు ఈ కాలనీవాడివి కాదుగా."

"మన గోడౌన్ ఈ వార్డులోనే ఉంది నాన్నా. అభ్యంతరం చెప్పే హక్కు ఉంది." ఒక అడుగు ముందుకేశాడు. "తాతయ్యంటే నాకు గౌరవమే. కానీ ఇది వాళ్ళ ఊరు. ఎవరి పిల్లకి వాళ్ళేగా పేరు పెట్టుకునేది? వీళ్ళు పెట్టుకున్న పేరు ఉంది. రంగూన్ పేట."

ముందు పైడమ్మ చెయ్యి లేచింది. తర్వాత ఒకటి, ఇంకొకటి. కాసేపటికి షామియానా కింద చేతుల తోట మొలిచింది. సంజీవరావు మైకు చేత్తో మూసి, "కౌన్సిల్‌లో తేలుస్తాం," అని కారెక్కాడు. కొడుకు ఎక్కేదాకా ఆగకుండా డోరు వేసుకున్నాడు.

నాగేంద్ర నడుచుకుంటూ గేటు దాకా వచ్చాడు. వెనక స్కూటీ ఆగింది.

"చెయ్యెత్తినందుకు థాంక్స్," అంది జ్యోతిర్మయి. "దాచినందుకు ఏమనాలో ఇంకా ఆలోచిస్తున్నాను. తేలేదాకా మావైపు రాకండి."

అంతే, వెళ్ళిపోయింది. ఆ రోజు గేటు తీసే ఉంది. నాగేంద్ర దాటడానికి చాలాసేపు పట్టింది.

*

ఇంట్లో తండ్రీకొడుకులకు మాటల్లేవు. ఉప్పు కావాలన్నా వెంకటరావమ్మ ద్వారానే. "వాణ్ణి పచ్చడి ఇటు జరపమను." "నాన్నని నీళ్ళు తీసుకోమను." ఆవిడకు ఈ మోత నాలుగురోజుల్లోనే విసుగొచ్చింది. యుద్ధాలు మగాళ్ళు చేసుకుంటారు, గిన్నెలు మాత్రం ఆడవాళ్ళు అందించాలి.

కొడుకు సరిగా తినడం లేదు. పొడి సీసా ఖాళీ అయింది. ఒక మధ్యాహ్నం సీసా కడిగి, సంచిలో వేసుకుని, రిక్షా ఎక్కి రైలు గేటు అవతలికి వెళ్ళింది. ఏం మాట్లాడిందో ఎవరికీ చెప్పలేదు. వచ్చేటప్పుడు సీసా నిండుగా ఉంది.

మర్నాడు పొద్దున సంజీవరావు ఇడ్లీ తింటుంటే, వెంకటరావమ్మ పేపర్ జిల్లా పేజీ తెరిచి పైకి చదవడం మొదలుపెట్టింది. ఆ అలవాటు ఆవిడకు ఎప్పుడూ లేదు.

"'దోమలకు నిలయంగా గాంధీ పేట,'" అని చదివింది. "పాపం. మన అంకమ్మరావు నగర్‌కి కూడా వానలు పడితే ఇంతే కదండీ?"

"ఏమిటి ఇంతే?"

"అంటే, అప్పుడు పేపర్లో 'దోమలకు నిలయంగా అంకమ్మరావు నగర్' అని వేస్తారు కదా, అని. ఇదుగో ఇంకోటి. 'పందుల స్వైరవిహారం.' మామయ్యగారు బతికున్నంతకాలం వీధిలో కుక్క మొరిగినా ఒప్పుకునేవారు కాదు."

సంజీవరావు ఇడ్లీ ముక్కను చట్నీలోనే వదిలేశాడు.

"'పొంగిన డ్రైనేజీ, ముక్కు మూసుకుంటున్న జనం,'" ఆవిడ పేజీ తిప్పింది. "వీళ్ళకి ప్రాస పిచ్చి కూడా ఉంది చూశారా. 'కంపు కొడుతున్న అంకమ్మరావు' అని నగర్ తీసేసి వేసినా వేస్తారు, చోటు చాలకపోతే."

"ఆపు."

"సరే. అవతల పార్టీవాళ్ళు ధర్నా చేస్తే మాత్రం అట్టల మీద ఏం రాస్తారో మీరే ఆలోచించుకోండి. మామయ్యగారి పేరు, పైన 'డౌన్ డౌన్'." కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టింది. "అదే రంగూన్ అనుకోండి. కంపు కొట్టినా రంగూనే కొడుతుంది."

సంజీవరావు కాఫీ చల్లారేదాకా గ్లాసు వంకే చూశాడు. చివరికి, "ఆ సభలో వాడన్న మాట కూడా తప్పేం కాదులే," అన్నాడు, గోడతో అన్నట్టు. "ఎవరి పిల్లకి వాళ్ళే పేరు పెట్టుకోవాలి."

"నాగేంద్రా," అని వంటింట్లోకి కేకేసింది వెంకటరావమ్మ, "నాన్నగారు నీతో మాట్లాడుతున్నారు."

తర్వాతి కౌన్సిల్ సమావేశంలో "రంగూన్ పేట" అని ప్రతిపాదించింది సంజీవరావే. బర్మా నుంచి వచ్చి ఈ ఊరి నూలు మిల్లుల్లో, మిర్చి యార్డులో చెమటోడ్చిన కుటుంబాల గౌరవార్థం ఈ ఆలోచన తనకు ఎప్పటినుంచో ఉందని అన్నాడు. ఎప్పటినుంచో అంటే పోయిన గురువారం ఇడ్లీల దగ్గర్నుంచి. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

*

బోర్డు ఆవిష్కరణ రేపనగా పెయింటర్ సాయంత్రం దాకా అక్షరాలు దిద్ది వెళ్ళాడు. వెళ్ళాడో లేదో, ఆకాశం ఒక్కసారిగా దిగింది. ఆగస్టు వాన. ముందు నాలుగు చినుకులు పంపించి, ఇంట్లో ఎవరున్నారో కనుక్కుని, తర్వాత కుటుంబసమేతంగా వచ్చింది.

పచ్చి రంగు. 'రంగూన్' ఎలాగో ఆరింది, 'పేట' ఇంకా తడి. జ్యోతిర్మయి ఇంట్లోంచి గొడుగు పట్టుకుని పరుగెత్తింది. గొడుగు బోర్డులో సగానికే సరిపోయింది. ఆమె సగం, 'పేట' సగం తడుస్తుండగా మోటార్‌సైకిల్ ఆగింది. నాగేంద్ర గోడౌన్ నుంచి మిర్చి బస్తాల మీద కప్పే పెద్ద టార్పాలిన్ పట్టా తెచ్చాడు.

"రావద్దన్నారు," అన్నాడు తడుస్తూ. "బోర్డు కోసం వచ్చాను. మీ కోసం కాదు."

"ఒక కొస ఇటివ్వండి," అంది.

పట్టాను బోర్డు మీంచి కప్పి చెరో కొసా పట్టుకున్నారు. లోపల ఎండుమిర్చి ఘాటు. ఇద్దరికీ ఒకేసారి తుమ్ములొచ్చాయి.

"ఆలోచన తేలిందా?" అన్నాడు నాగేంద్ర, ముక్కు తుడుచుకుని.

"మీ అమ్మగారు వచ్చి మా నాయనమ్మతో మూడు గంటలు కూర్చున్నప్పుడే సగం తేలింది."

"అమ్మ వచ్చిందా?" పొడి సీసా ఎలా నిండిందో అతనికి అప్పుడర్థమైంది. "ఏం చెప్పింది?"

"మీరు రెండో క్లాసులో పలక పగిలిందని నెల్లాళ్ళు ఇంట్లో చెప్పలేదట. దాచడం మీకు పుట్టుకతో వచ్చిందట. దురుద్దేశం లేదు, భయమే, అన్నారు."

"ఆ మాట నిజమే. ఆ రోజు నాన్న పేరు చెప్తే, మీరు మళ్ళీ నాతో మాట్లాడరనుకున్నాను. తర్వాత రోజురోజుకీ ఎక్కువ మాట్లాడుతుంటే, రోజురోజుకీ ఎక్కువ భయమేసింది."

వాన పట్టా మీద దరువేస్తోంది.

"ఇంకేమైనా దాచారా?" అంది జ్యోతిర్మయి.

"ఒకటి."

"చెప్పండి మరి."

"అది మీకు తెలుసు."

"తెలుసు. అయినా మీ నోటితో వినాలి. దాచే అలవాటు మానాలంటే అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి."

నాగేంద్ర పట్టా కొస రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. "మీరంటే నాకిష్టం. మీ ఊరికి పేరొచ్చాకే పెళ్ళన్నారు. పేరు వచ్చింది. నన్ను చేసుకుంటారా?"

జ్యోతిర్మయి బదులు చెప్పేలోపు పట్టా అంచు పైకి లేచింది. గొడుగు కింద సంజీవరావు. రేపటి బోర్డు ఏమైందోనని చూడ్డానికి వచ్చాడు. బోర్డుతో పాటు కొడుకునీ, ఆ రోజు సభలో మొదట చెయ్యెత్తిన పిల్లనీ చూశాడు. ఎవరూ కదల్లేదు. పట్టా వదిలితే 'పేట' పోతుంది.

సంజీవరావు ముందుకు వంగి అక్షరాలు చూశాడు. "బాగానే ఆరుతోంది," అన్నాడు.

అప్పుడే ఆయన జేబులో సెల్ మోగింది. మార్టూరు నుంచి చెల్లెలు. అక్కడ గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లున్న వాళ్ళ అమ్మాయిని మేనల్లుడికి చేసుకోమని ఆవిడ నాలుగైదు రోజులుగా పోరు పెడుతోంది. ఇన్‌కమింగ్‌కి కూడా బిల్లు పడే రోజులు కాబట్టి సంజీవరావు క్లుప్తంగా మాట్లాడాడు.

"లేదమ్మా, వాళ్ళకి చెప్పెయ్యి. మావాడికి కుదిరింది... మీ వదినకి ఎప్పుడో తెలుసు, నాకే ఇప్పుడు తెలిసింది... ఇక్కడే, గుంటూరే. రంగూన్ పేట... ఆఁ, రంగూన్ పేట. నువ్వు వినుండవులే, నిన్న మొన్నే పెట్టాం." ఒక్క క్షణం ఆగి, తడుస్తున్న ఇద్దర్నీ చూశాడు. "పేరే కొత్తది తల్లీ. మనుషులు ఎప్పటినుంచో ఉన్నవాళ్ళే."

సెల్ జేబులో వేసుకుని, "మీ నాయనమ్మ ఇంట్లో ఉందామ్మా?" అని అడిగి, ఆమె తలూపితే గొడుగు సర్దుకుని వీధిలోకి నడిచాడు.

జ్యోతిర్మయి పట్టా కొస చెయ్యి మార్చుకుంది.

"కుదిరిందని నాకెవరూ చెప్పలేదే," అంది.

"నాకూ ఇప్పుడే తెలిసింది," అన్నాడు నాగేంద్ర.